ఏ ప్రశ్న ఎవర్ని అడగాలి: ఓసింట్‌ను మిగతా నిఘాతో పోల్చే పద్ధతి

ఎవరైనా చట్టం దాటకుండా చూడగలిగిన సమాచారంతో చేసే నిఘా ఓసింట్. పత్రికలు, మేనిఫెస్టోలు, టెండర్లు, కోర్టు రికార్డులు, సోషల్ మీడియా అన్నీ ఇందులోకే వస్తాయి. మనుషుల ద్వారా వచ్చేది హ్యూమింట్, పాతమాటలో చెప్పాలంటే వేగుల పని. ఫోన్లు, రేడియో సంకేతాలు పట్టేది సిగింట్. పైనుంచి తీసిన చిత్రాలు ఇమింట్. భూకంపనం, రేడియోధార్మికత లాంటి భౌతిక గుర్తులు కొలిచేది మాసింట్. వీటిలో ఏది గొప్పదని మొదలుపెడితే పోలిక అక్కడే చెడుతుంది. ముందు ప్రశ్న రాసుకోండి, ఆ తర్వాతే మార్గం.

1998లో పోఖ్రాన్‌లో భారత్ చేసిన అణుపరీక్షల్ని కాగితం మీద పెట్టి చూడండి. ఎడమపక్క మూడు ప్రశ్నలు రాయండి: ఉద్దేశం ఉందా? ఏర్పాట్లు జరుగుతున్నాయా? పేలుడు జరిగిందా?

ఉద్దేశానికి జవాబు ఓసింట్‌లోనే ఉంది. అణ్వాయుధాలు సమకూర్చుకునే మాట బీజేపీ ఎన్నికల మేనిఫెస్టోలోనే అచ్చయింది. అమెరికా విశ్లేషకులు దాన్ని సీరియస్‌గా తీసుకోలేదు. భారత్ కూడా తమలాగే ఆలోచిస్తుందనుకోవడమే పొరపాటని ఆ జూన్‌లో అమెరికా నిఘా సంస్థ సీఐఏ కోసం అడ్మిరల్ జెరెమయా చేసిన సమీక్ష తేల్చింది. సమాచారం చేతిలోనే ఉంది, దానికి విలువ కట్టడంలో తప్పు జరిగింది. ఓసింట్‌లో తరచూ జరిగేది ఇదే.

ఏర్పాట్ల సంగతి ఇమింట్ చెప్పాలి. 1995లో అమెరికా ఉపగ్రహాలు పోఖ్రాన్ కదలికల్ని పసిగట్టాయి, అప్పట్లో పరీక్ష జరగలేదు. 1998లో పని ఎక్కువగా రాత్రిళ్లే సాగింది, శాస్త్రవేత్తలు సైనిక దుస్తులు వేసుకున్నారు. ఉపగ్రహం ఎప్పుడొస్తుందో తెలిసినవాడి ముందు ఇమింట్ తేలిపోతుంది.

పేలుడు మాసింట్ లెక్క. మే 11 పరీక్షలు భూకంప కేంద్రాల్లో 5 దాటిన తీవ్రతతో నమోదయ్యాయి. మే 13న 0.5, 0.3 కిలోటన్నుల పరీక్షలు చేశామని భారత్ ప్రకటించింది. అంతర్జాతీయ కేంద్రాలకు అవి అందలేదు. గుర్తు దొరకలేదంటే జరగలేదని కాదు, పరికరం హద్దు ఎక్కడుందో కూడా కాగితం మీద రాయాలి.

సిగింట్‌కు కార్గిల్ యుద్ధం చూడండి. 1999 మేలో బీజింగ్‌లో ఉన్న పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్ తన కింది అధికారి జనరల్ అజీజ్‌తో మాట్లాడిన ఫోన్‌ను భారత్ పట్టుకుంది, జూన్ 11న బయటపెట్టింది. ఆ రోజు నుంచి అది మనకు ఓసింట్. అయితే బయటపెట్టినవాళ్లకు అందులో ఏం లాభమో పక్కనే రాసుకోండి.

ఇంట్లో కూర్చుని మనం చేయగలిగిన సరిచూపు ఒకటి. వీడియోలో 6 మీటర్ల స్తంభం నీడ కనిపిస్తోంది, డిసెంబర్ 21 మధ్యాహ్నం హైదరాబాద్‌లో తీశామంటున్నారు. ఆ రోజు సూర్యుడు నడినెత్తికి రాడు, అత్యధిక ఎత్తు దాదాపు 49 డిగ్రీలే. స్తంభం ఎత్తును ఆ కోణం టాంజెంట్‌తో (దాదాపు 1.15) భాగిస్తే నీడ 5 మీటర్లు దాటాలి. వీడియోలో ఒక మీటరు కూడా లేకపోతే తేదీ అబద్ధం, లేదా ఊరు అబద్ధం. నేల వాలుగా ఉంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాంట్లో ఎక్సిఫ్ (ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో ఫైల్లోనే దాగి ఉండే వివరం) వెతకడం వృథా, పంపేటప్పుడే అది ఊడిపోతుంది.

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 తీసే చిత్రాలు ఉచితం, అత్యంత స్పష్టమైన వాటిలో ఒక్కో చుక్క నేలమీద 10 మీటర్లు. కొత్త రోడ్డు, పెద్ద గొయ్యి కనిపిస్తాయి, లారీ నంబరు మాత్రం ఆశించొద్దు. వానాకాలం మబ్బులుంటే రాడార్‌తో చూసే సెంటినెల్-1కి మారండి.

ఇక లెక్కపెట్టడం. పది చానళ్లు ఒకే ట్వీట్‌ను చదివితే అది ఒక్క ఆధారమే. ప్రతి వార్తనూ మొదట పెట్టినవాడి దాకా వెనక్కి తీసుకెళ్లండి. అక్కడ ఇద్దరు మిగిలితేనే రెండు. మొదటివాడెవరో దొరక్కపోతే ఆ వరుసను సున్నాగా వేయండి, అర మార్కు వేయకండి.

హద్దు గురించి ఒక మాట. మారుపేరుతో మూసిన గ్రూపులో చేరి ప్రశ్నలడిగితే మీరు ఓసింట్ దాటి హ్యూమింట్‌లో కాలుపెట్టినట్టే. అవతలి మనిషికి వచ్చే ప్రమాదం ఇక మీ బాధ్యత. ఇతరుల పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే దానికి నిఘా పేరు పెట్టక్కర్లేదు, ఐటీ చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది.