సముద్రంలో కయాక్: ముందు బోల్తా పడటం నేర్చుకోండి

చెరువులో గంటలకొద్దీ కయాక్ (రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నడిపినవాళ్లు కూడా సముద్రంలోకి రాగానే తడబడతారు. తెడ్డు వేయడం రాక కాదు. చెరువులో బోల్తా పడితే నాలుగు బారలు ఈది గట్టెక్కేయొచ్చు. సముద్రంలో ఒడ్డు అర కిలోమీటరు అవతల ఉంటుంది, ఖాళీ పడవను గాలి మీరు ఈదగలిగిన దానికంటే వేగంగా లాక్కుపోతుంది. అందుకే ఇక్కడ నేర్చుకునే వరసే తలకిందులు: ముందు బోల్తా పడటం, తర్వాత తిరిగి ఎక్కడం, ఆ తర్వాతే ఊరేగడం. ఏ నీళ్లలో తిరిగి పడవెక్కగలరో ఆ నీళ్ల వరకే మీ హద్దు.

పడవ, ఒంటిమీద ఉండాల్సినవి

సముద్రపు కయాక్ సుమారు 4.8 నుంచి 5.5 మీటర్ల పొడవు, 53 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పొడవు కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, సీటుకు ముందూ వెనకా నీరు చొరని అడ్డగోడలు. అవి ఉంటే బోల్తా పడినా నీళ్లు సీటున్న గదిలోకే వస్తాయి, మొనలు రెండూ తేలుతూనే ఉంటాయి. లేకపోతే పడవంతా నిండిపోతుంది, దాన్ని నడిసముద్రంలో ఖాళీ చేయడం దాదాపు అసాధ్యం. రెండోది, డెక్ (పడవ పైకప్పు) అంచుల వెంట బిగుతుగా కట్టిన తాడు. నీళ్లలో పడ్డప్పుడు చేతికి దొరికేది అదే. నున్నటి తడి పడవకు ఇంకెక్కడా పట్టు దొరకదు.

కూర్చున్నాక పాదాలు పడవ లోపలున్న పాదాల మెట్ల మీద ఆనాలి, మోకాళ్లు డెక్ కిందికి ఒత్తుకోవాలి, తుంటికి రెండు పక్కలా అరచెయ్యి దూరేంత మాత్రమే సందుండాలి. తుంటిని కాస్త వంచితే పడవ కూడా వంగాలి. మీరు వంగి పడవ నిటారుగా ఉంటే అది వదులుగా ఉన్నట్టే. పక్కల్లో స్పాంజ్ అతికించుకోండి.

తెడ్డు 210 నుంచి 220 సెంటీమీటర్లు చాలామందికి సరిపోతుంది. లైఫ్ జాకెట్‌కు కనీసం 50 న్యూటన్ల తేలే శక్తి ఉండాలి. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. అది చెవుల దాకా వచ్చిందంటే పట్టీలు ఇంకా బిగించాలి.

బట్టలు గాలి వేడిని బట్టి కాదు, నీటి చల్లదనాన్ని బట్టి. నీరు ఒంటి వేడిని గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కన్నా తక్కువైతే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని వేడి నిలిపే రబ్బరు దుస్తులు) లేదా డ్రైసూట్ (లోపలికి నీరు చొరని దుస్తులు) లేకుండా దిగొద్దు. మరీ చల్లటి నీళ్లలో పడ్డవాళ్లకు మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఆ తర్వాత పది నిమిషాలకల్లా వేళ్లు పట్టు తప్పుతాయి. తిరిగి ఎక్కే పని ఆ పది నిమిషాల్లోపే పూర్తి కావాలి.

బోల్తా, బయటపడటం

ఛాతీ లోతు, అలల్లేని నీరు, పక్కన నిలబడే మనిషి ఒకరు. మొదటి రెండు మూడు సార్లు స్ప్రే స్కర్ట్ (నడుముకు కట్టుకుని సీటు గది నోటిని మూసే గుడ్డ) లేకుండా చేయండి, ఆపైన బిగించుకుని చేయండి. ముక్కుకు క్లిప్ పెట్టుకుంటే కంగారు సగం తగ్గుతుంది.

తలకిందులైన క్షణం నుంచి వరస ఇదీ. ముందుకు వంగి డెక్‌ను ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉండండి. వెనక్కి వాలితే మొహానికి రక్షణ ఉండదు, స్కర్ట్‌ను ఊడదీసే లాగుడు పట్టీ కూడా చేతికి అందదు. రెండు చేతులూ పైకి, అంటే నీటిపైకి, చాచి పడవ అడుగును మూడుసార్లు చరచండి. ఈ చరుపు పక్కవాళ్లకు సంకేతం, మీకైతే ఊపిరి కుదుటపరుచుకునే వ్యవధి. తర్వాత సీటు గది అంచును తడుముకుంటూ చేతులను ముందుకు తెచ్చి పట్టీ దొరకబుచ్చుకోండి. దాన్ని ముందు ముందుకు, ఆ తర్వాత పైకి లాగాలి. నేరుగా మీవైపు గుంజితే స్కర్ట్ అంచు ఊడదు, అక్కడే చాలామంది ఇరుక్కుపోయామని బెదిరిపోతారు. స్కర్ట్ ఊడాక అరచేతులు తుంటి పక్కన ఆనించి, ప్యాంటు విప్పుతున్నట్టు పడవను కాళ్లవైపుకు తోయండి. బయటికొచ్చాక ఒక చెయ్యి పడవ తాడు మీద, రెండోది తెడ్డు మీద. ఈ రెంటిలో ఏదీ వదలకూడదు.

స్కర్ట్ బిగించిన ప్రతిసారీ పట్టీ బయటికి కనబడుతోందో లేదో చూసుకోండి. పట్టీ లోపల ఉండిపోయిన స్కర్ట్‌తో బోల్తా పడటం ఈ క్రీడలో తప్పించుకోదగ్గ ప్రమాదాల్లో మొదటిది.

ఇద్దరు కలిసి తిరిగి ఎక్కించడం

దీన్ని టీ రెస్క్యూ అంటారు, రెండు పడవలూ టీ అక్షరంలా నిలబడతాయి గనక. సాయం చేసే మనిషి బోల్తా పడిన పడవ ముందు మొన దగ్గరికి అడ్డంగా వచ్చి, తన తెడ్డును డెక్ తాడు కింద దోపేస్తారు. నీళ్లలో ఉన్నవాళ్లు తమ పడవ వెనక మొనవైపు వెళ్లి దాన్ని కిందికి నొక్కుతారు. మొన పైకి లేవగానే సాయం చేసేవాళ్లు దాన్ని తమ ఒడి ముందు డెక్ మీదికి లాక్కోవాలి. పడవ ఇంకా తలకిందులుగానే ఉంది కాబట్టి నీళ్లు సీటు గది నుంచి బడబడా కారిపోతాయి. వెనక అడ్డగోడ సీటుకు దగ్గరగా ఉన్న పడవలో ఒక్క ఎత్తుతో చాలావరకు ఖాళీ అవుతుంది, దూరంగా ఉంటే కొంత మిగులుతుంది, దాన్ని పంపుతో తోడాలి.

ఆపైన పడవను తిరగేసి నీళ్లలోకి జార్చి, రెండు పడవలూ పక్కపక్కన, మొనలు ఎదురెదురు దిక్కులకు ఉండేలా తిప్పండి. సాయం చేసేవాళ్లు ఎదుటి పడవ డెక్ మీదికి ఒరిగి, రెండు చేతులా సీటు గది ముందుభాగాన్ని వాటేసుకోవాలి. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు: వేళ్లతో తాడు పట్టుకుని నిటారుగా కూర్చుంటారు. ఒంటి బరువు అవతలి పడవ మీద పడితేనే రెండూ కలిసి తెప్పలా స్థిరపడతాయి. ఎక్కేవాళ్లు వెలుపలి పక్కన, సీటు వెనక నిలిచి, కాళ్లతో నీటిని తన్నుతూ పొట్ట మీద వెనక డెక్ ఎక్కాలి, మొహం వెనక మొనవైపు. పాకుతూ రెండు కాళ్లూ సీటు గదిలోకి దూర్చి, సాయం చేసేవాళ్ల వైపుకే తిరుగుతూ కూర్చోవాలి. స్కర్ట్ బిగించుకుని తెడ్డు చేతికొచ్చేదాకా పట్టు వదలొద్దు.

అలవాటైన జంటకు ఇదంతా రెండు నిమిషాల్లోపు పని. చేతుల్లో బలం లేనివాళ్లు ముందు ఒక కాలిని సీటు గదిలోకి వేసి, మడమను లోపలి అంచుకు తగిలించి దొర్లితే సులువు.

ఒంటరిగా పడితే ప్యాడిల్ ఫ్లోట్ వాడతారు. తెడ్డు ఒక చివర గాలి సంచి తొడిగి, రెండో చివర సీటు వెనక డెక్ మీద అడ్డంగా పెట్టి, దాన్ని ఆసరా చేసుకుని ఎక్కడం. ప్రశాంతమైన నీటిలో చక్కగా పనిచేస్తుంది. మిమ్మల్ని బోల్తా కొట్టించిన అలల్లోనే మళ్లీ ఎక్కాలి గనక నిజమైన అవసరంలో తరచూ విఫలమవుతుంది. అందుకే ముగ్గురికి తక్కువగా వెళ్లొద్దు.

తెడ్డు పని

ముందుకు వేసే తెడ్డు చేతులతో కాదు, నడుముతో. తెడ్డును పాదాల పక్కన ముంచి, మొండెం తిప్పుతూ, తుంటి దగ్గరికి రాగానే బయటికి తీసేయండి. తుంటి దాటి వెనక్కి లాగితే నీటిని పైకి ఎత్తినట్టే, పడవ ముందుకు పోదు. మర్నాడు భుజాలు నొప్పెడితే చేతులతో లాగారన్నమాట.

తర్వాతి మెట్టు లో బ్రేస్: మోచేతులు తెడ్డుకు పైన ఉంచి, రెక్క వీపుభాగంతో నీటిని చరచి, అదే ఊపులో మోకాలితో పడవను నిటారు చేయడం. ఒక్కో వైపు రోజూ ఇరవై సార్లు చేయండి. తల చివర్న లేవాలి. తల ముందు లేస్తే పడవ మళ్లీ దొర్లుతుంది.

పక్కగాలిలో పడవ మొన దానంతట అదే గాలివైపు తిరగడం కొత్తవాళ్లను విసిగిస్తుంది. ముందుకు పోతున్నప్పుడు ముందు మొన నీటి ఒత్తిడిలో కరుచుకుని ఉంటుంది, వెనక మొన సుడినీళ్లలో వదులుగా ఉంటుంది, గాలి దాన్నే తోసేస్తుంది. స్కెగ్ (పడవ వెనక అడుగు నుంచి నీటిలోకి దింపే చిన్న రెక్క) దింపితే వెనక మొన నిలబడుతుంది. మొత్తం దింపితే మొన గాలికి వాలుగా తిరిగిపోవచ్చు కాబట్టి సగం దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. స్కెగ్ లేకపోతే పడవను గాలి వచ్చే వైపుకు కాస్త వంచి, అటే విశాలంగా తెడ్డు వేయండి.

గాలి, ఆటుపోట్లు

గాలి 7 నుంచి 10 నాట్స్ ఉన్నప్పుడు అక్కడక్కడ తెల్ల నురగ మొదలవుతుంది. 11 దాటితే నురగ తరచుగా కనిపిస్తుంది. కొత్తవాళ్ల హద్దు 10 నాట్స్, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది, అందుకే 20 నాట్స్‌లో ఎంత కండబలమైనా చాలదు.

మరింత మోసకారి గాలి నేలమీంచి సముద్రంలోకి వీచేది. ఒడ్డున చెట్ల చాటున నీరు అద్దంలా ఉంటుంది, కిలోమీటరు లోపలికి వెళ్తే గానీ దాని బలం తెలియదు, అప్పటికి వెనక్కి రావడానికి ఎదురుగాలి. ఒడ్డున నిలబడి దూరంగా చూడండి. దగ్గర నున్నగా ఉండి దూరాన నీరు ముదురు రంగులో గరుకుగా కనిపిస్తే ఆ రోజు ఒడ్డు వెంటే ఉండండి, లేదా మానుకోండి.

ఆటుపోట్ల లెక్కకు పన్నెండో వంతుల సూత్రం చాలాచోట్ల పనికొస్తుంది. సుమారు ఆరు గంటల పోటులో ఎక్కే నీరు గంటగంటకు 1, 2, 3, 3, 2, 1 వంతులుగా వస్తుంది. మధ్య రెండు గంటల్లోనే సగం నీరు కదులుతుంది, ప్రవాహం ఉధృతంగా ఉండేదీ చాలాచోట్ల అప్పుడే. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్లు పెద్దవి, అష్టమి దాటాక చిన్నవి. మొదటి ప్రయాణాలకు అష్టమి వారమే మేలు. ప్రవాహానికి ఎదురుగా గాలి వీచే వేళ అలలు నిటారుగా లేచి విరుగుతాయి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొనల దగ్గర మరీను. అటువైపు దాటాలంటే నీరు నిలకడగా ఉండే వేళ చూసుకోండి.

దూరం లెక్కకు గంటకు 5 కిలోమీటర్లు పెట్టుకోండి, విశ్రాంతులు వేరే. 12 కిలోమీటర్లకు రెండున్నర గంటలు అనుకుంటే, పది నిమిషాల విరామాలు, ఒడ్డున భోజనం కలిపి నాలుగు గంటలు. సాధ్యమైతే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దిక్కు ఎంచుకోండి.

ప్రవాహం పక్కకు లాగుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరమేదీ అక్కర్లేదు. ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి: ముందు ఒక బండ, వెనక దూరంగా ఒక చెట్టు. రెండూ ఒకే వరసలో ఉంటే మీరు నేరుగా పోతున్నారు. బండ దాటి చెట్టు కుడికి జరుగుతున్నట్టు కనిపిస్తే మీరు కూడా కుడికే కొట్టుకుపోతున్నారు. మొనను ఎడమకు తిప్పి, రెండూ మళ్లీ కలిసేదాకా ఆ కోణం పెంచండి.

బయల్దేరే ముందు ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి రాసివ్వండి. వీహెచ్‌ఎఫ్ రేడియో (ఓడలతో, తీరంతో మాట్లాడే చేతి రేడియో) జాకెట్ జేబులో ఉండాలి, డెక్ మీద కాదు. పడవ పోతే రేడియో కూడా పోతుంది. ఆపదలో పిలిచేది 16వ ఛానల్. కయాక్‌లో కూర్చున్నవాళ్ల కంటికి దిగంతం సుమారు మూడు కిలోమీటర్లే, ఓడల వాళ్లకు మీరు అసలే కనబడరు. ఓడల దారిని లంబంగా, అందరూ ఒక గుంపుగా దాటండి. ఈల, పంపు, 10 నుంచి 15 మీటర్ల లాగుడు తాడు, గంటకు అర లీటరు చొప్పున నీళ్లు కూడా వెంట ఉండాలి.

అలల్లోంచి ఒడ్డెక్కడం

అలలు గుంపులుగా వస్తాయి. నురగ తెగే చోటుకు ఇవతల, అంటే సముద్రం వైపు, ఆగి ఐదు నిమిషాలు లెక్కపెట్టండి: ఎన్ని పెద్దవి, తర్వాత ఎంతసేపు చిన్నవి. గుంపులోని ఆఖరి పెద్ద అల దాటగానే దాని వీపు మీదే బయల్దేరి గట్టిగా తెడ్డు వేయండి. వెనక అల ఎత్తడం మొదలుపెడితే తెడ్డు వెనక్కి వేసి దాన్ని ముందుకు పోనివ్వండి. అల ముఖం మీద జారితే మొన కిందికి గుచ్చుకుంటుంది, లేదా పడవ అడ్డం తిరుగుతుంది.

అడ్డం తిరిగిందే అనుకోండి. మనసు ఒడ్డువైపు వాలమంటుంది, వాలితే క్షణంలో బోల్తా. అలవైపుకే పడవ వంచి, తెడ్డును నురగ మీద ఆనించి, పక్కవాటుగా ఒడ్డు చేరండి. దిగేటప్పుడు పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. నీళ్లు నిండిన కయాక్ వందల కిలోల బరువు, వెనక అల దాన్ని తోస్తే మోకాళ్లు విరుగుతాయి. సముద్రంవైపు దిగి, ముందు మొన పిడి పట్టుకుని లాగండి.

ఒకసారికి ఒకటే పెంచండి: గాలి, దూరం, కొత్త తీరం, వీటిలో ఏదో ఒకటి. మొదటి నెల ఒడ్డుకు 300 మీటర్ల లోపల, 10 నాట్స్ లోపు గాలిలో. ప్రతిసారీ చివర్న, అలిసిపోయాకే, ఒక బోల్తా, ఒక టీ రెస్క్యూ చేయండి. నిజంగా పడేది కూడా ఒళ్లు అలిసినప్పుడే.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో స్కెగ్ పెట్టెను కడగండి. ఒడ్డున పడవను ఈడ్చినప్పుడు చిన్న గులకరాయి అందులో ఇరుక్కుంటుంది, మర్నాడు నీళ్లలోకి వెళ్లాక స్కెగ్ కిందికి దిగదు. బలవంతంగా తోస్తే దాన్ని దింపే తీగ మడతపడుతుంది. స్కెగ్ కొనకు చిన్న రంధ్రం చేసి వేలెడు తాడు కట్టి ఉంచితే, పక్కపడవలో వాళ్లు దాన్ని పట్టి లాగేస్తారు.