కండెన్సింగ్ గ్యాస్ హీటర్ పొగగొట్టం: వాటం ఎటు, ఆ నీళ్లు ఎటు

బాత్రూమ్ గోడకు తగిలించే చిన్న గ్యాస్ గీజర్ గురించి కాదు ఇది. (దాన్ని బాత్రూమ్ లోపల పెట్టొద్దు, అంతే, అందులో చర్చ లేదు.) కడపలో కొత్తగా ఇల్లో లాడ్జో కట్టుకుంటూ నీళ్లు కాచే కండెన్సింగ్ హీటర్ తెప్పించుకుంటే, బిగించే ప్లంబర్‌కు అది కొత్త సరుకే అయ్యుండొచ్చు. అప్పుడు పక్కన నిలబడి మీరు ఏమేం చూసుకోవాలో చెప్తా. గ్యాస్ లైన్ పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి.

మామూలు హీటర్‌లో పొగ బాగా వేడిగా బయటికి పోతుంది. కండెన్సింగ్ దాంట్లో ఆ వేడి కూడా వదలకుండా, పొగలో ఉన్న ఆవిరి నీళ్లుగా మారేదాకా చల్లారుస్తారు, గ్యాస్ ఆదా అయ్యేది అక్కడే. కిలో ఎల్‌పీజీ మండితే దాదాపు 1.6 కిలోల ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ లెక్కేస్తే 22 లీటర్ల నీళ్లకు సరిపడా ఆవిరి. అంతా నీళ్లు కాదు గానీ, అయినంత నీరు గొట్టంలోనూ హీటర్‌లోనూ దిగుతుంది. కాబట్టి ఈ పొగగొట్టాన్ని నీళ్ల పైపు కూడా అనుకునే బిగించాలి.

అందుకే వాటం. గోడలోంచి పైపు తీసేటప్పుడు మనవాళ్లకు బయటివైపు వాటం ఇవ్వడం అలవాటు, వాన నీళ్లు లోపలికి రాకుండా. ఇక్కడ సాధారణంగా దానికి తిరగేసి, హీటర్ వైపే దిగేలా ఇవ్వాలి, ఆ నీళ్లు పోయే డ్రెయిన్ హీటర్ దగ్గరే ఉంటుంది. మీటరుకు సుమారు 5 సెంటీమీటర్లు, అంటే 3 డిగ్రీలు. మీ మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి, కొన్ని టెర్మినల్స్‌కు (గోడ బయట పొగ వదిలే చివరి ముక్కలకు) వాటం లోపలే కట్టి ఇస్తారు. మధ్యలో పైపు ఎక్కడా జారి కుంగకూడదు, కుంగిన చోట నీళ్లు నిలబడి పొగకు దారి మూసేస్తాయి, అందుకని మీటరుకో క్లాంప్ వేయించండి.

పైపు సంగతి. సంప్‌కూ డ్రైనేజీకీ వాడగా మిగిలిన మామూలు పీవీసీ ముక్క ఉంది కదా అని తగిలించేస్తారు, ఒప్పుకోకండి, వేడికి మెత్తబడి కీళ్లు ఊడతాయి. జీఐ రేకు గొట్టమూ వద్దు, ఈ నీళ్లకు తుప్పు పట్టి తూట్లు పడుతుంది. హీటర్ కంపెనీ ఒప్పుకున్న పాలీప్రొపిలీన్ పైపులే, ఒకే కంపెనీవి, వేయించండి. పైపు వంకర లేకుండా అడ్డంగా కోసి, అంచులు నున్నగా గీకి, రబ్బరు రింగుకు సబ్బు నీళ్లు రాసి లోపలిదాకా నెట్టాలి, గ్రీజు వద్దు. సాకెట్ (పైపుకు వెడల్పుగా ఉండే చివర) నోరు టెర్మినల్ వైపు తిరిగి ఉండాలి, అలా ఉంటేనే వెనక్కి జారే నీరు కీలు దగ్గర కారదు. సీలింగ్ కట్టేస్తే కీళ్లు కనబడవు, తీసి చూసే మూత ఒకటి పెట్టించండి.

ఇప్పుడు ఆ నీళ్లు. పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది, అంటే పుల్లటి నీరు. మన ఇళ్లల్లో కడప బండలు, బేతంచెర్ల రాళ్లు ఉంటాయి, అవి సున్నపురాళ్లే. వంటింటి బండ మీద నిమ్మరసం పడి తెల్లగా మచ్చ లేచింది చూసే ఉంటారు, ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే చుక్కచుక్కగా, రోజూ. సిమెంటూ తినేస్తుంది. కాబట్టి డ్రెయిన్ పైపు మిద్దె మీదకో గచ్చు మీదకో వదిలేయొద్దు. ప్లాస్టిక్ పైపుతో, మొజాయిక్ ఫ్లోరింగ్‌కు వాడే పాలరాతి చిప్స్ నింపిన డబ్బా గుండా పంపి మురుగు లైన్‌లో కలపండి, పులుపు ఆ రాళ్ల దగ్గరే విరిగిపోతుంది. రాళ్లు అరుగుతాయి, ఏడాదికోసారి సర్వీసింగ్‌లో మళ్లీ నింపాలి. ఇంకోటి, మొదటిసారి వెలిగించే ముందు హీటర్ కింది ట్రాప్‌లో (నీళ్లు నిలిచి పొగను ఆపే వంపులో) నీళ్లు పోయాలి. అది ఖాళీగా ఉంటే పొగ డ్రెయిన్ దారిలో గదిలోకి వస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు.

బయట టెర్మినల్ కిటికీకి, తలుపుకు, పక్కింటి వెంటిలేటర్‌కు దూరంగా ఉండాలి. మాన్యువల్స్‌లో తరచుగా 300 మిల్లీమీటర్లు కనిపిస్తుంది, స్థలం ఉంటే నేనైతే మూడడుగులు వదులుతా. ఇరుకు సందులో రెండు గోడల మధ్యకు వదలొద్దు. పిట్టలు గూడు పెడతాయని దోమల మెష్ చుడతారు, అది దుమ్ముతో మూసుకుపోతుంది, కంపెనీ ఇచ్చే గార్డే వేయండి. కోతుల బెడద ఉన్న వీధుల్లో ఏడాది ఆగకుండా అప్పుడప్పుడూ వెళ్లి చూడండి, టెర్మినల్ పట్టుకుని ఊపేస్తాయి.

పని అయ్యాక ఫ్లూ గ్యాస్ ఎనలైజర్ (పొగలో ఏ వాయువు ఎంత ఉందో కొలిచే మీటర్) ఉన్న మనిషినే పిలిపించండి. పైపులో పైపు ఉండే రకమైతే, హీటర్ నడుస్తుండగా గాలి పీల్చే బయటి పైపులో ఆక్సిజన్ మామూలు గాలిలా 20.9 శాతం దగ్గరే ఉండాలి. తగ్గిందంటే లోపలి పైపు కారుతున్నట్టే, హీటర్ ఆపేయాల్సిందే.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, గ్యాస్ లీకుకు వచ్చే వాసన దీనికి రాదు. అలారం ఒకటి హీటర్ గదిలో, ఒకటి పడకగది దగ్గర పెట్టండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ముందు బయటికి వచ్చేయండి, వీలైతే వస్తూ వస్తూ హీటర్ ఆపండి, తర్వాత 108కి ఫోన్ చేయండి. ఎల్‌పీజీ వాసనకైతే 1906.