నవ్వించే లాయరు, వణికించే కేసు – 3వ పాఠం: క్రాస్‌లో జోకు ఎక్కడ పుడుతుంది?

మొదటి పాఠంలో మన నవలలోని డిఫెన్స్ లాయరు ఎలాంటి మనిషో అనుకున్నాం. రెండో పాఠంలో కేసు కట్ట తయారు చేశాం. ఆ కట్ట ఇంకా రాయని వాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఈ రోజు వచ్చే ప్రతి నవ్వూ ఆ కాగితాల్లోంచే రావాలి.

కోర్టు కామెడీ కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఒకే చోట జారతారు. లాయరు మహా చురుకైనవాడని చూపించాలని ప్రాసిక్యూటర్ టై మీద ఒక మాట, జడ్జిగారి కునుకు మీద ఒక మాట, సాక్షి బట్టతల మీద ఒక మాట వేయిస్తారు. చదువుతుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు ఆ మూడు మాటలూ కొట్టేసి చూడండి. కథలో ఏమీ మారదు. ముద్దాయి తల మీద కత్తి ఎక్కడ వేలాడుతోందో అక్కడే ఉంటుంది. కొట్టేసినా నష్టం లేని జోకు థ్రిల్లర్‌కి బరువు. ఒక మనిషి ప్రాణం తక్కెడలో ఉన్నప్పుడు లాయరు ఊరికే సరదాగా మాట్లాడితే పాఠకుడికి ఆ లాయరు మీద చిరాకు వస్తుంది. అది న్యాయమైన చిరాకే.

కోర్టు నియమం ఒకటి ఇక్కడ మనకి బాగా పనికొస్తుంది. సాక్షిని విచారించేటప్పుడు లాయరు ప్రశ్న అడగాలి, వ్యాఖ్యానం చేయకూడదు. "మీరు పచ్చి అబద్ధాలకోరు, ఇది అందరికీ తెలుసు" అంటే అవతలి లాయరు వెంటనే ఆబ్జెక్షన్ అంటాడు, జడ్జి దాన్ని ఒప్పుకుంటారు. కాబట్టి మన లాయరు జోకు వేయాలంటే ఆ జోకు ప్రశ్న రూపంలో ఉండాలి, సాక్షి దానికి జవాబు చెప్పక తప్పకూడదు. ఇది సంకెల అనుకోకండి. తెలుగు పద్యానికి ఛందస్సు ఎలాగో ఈ రకం నవ్వుకి ఈ నియమం అలాగ.

ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోండి. తన సాక్షిని తానే విచారించే చీఫ్‌లో, జవాబు నోట్లో పెట్టే ప్రశ్నలు సాధారణంగా అడగనివ్వరు. అవతలివాళ్ల సాక్షిని అడిగే క్రాస్‌లో అడగొచ్చు. "ఆ రోజు మీరు గొడుగు తీసుకెళ్లలేదు కదండీ?" అన్నది క్రాస్ ప్రశ్న. అందుకే మాటకారి లాయరు మెరిసేది క్రాస్‌లోనే.

ఇక మన కట్ట విప్పుదాం. హతుడు ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవాడు. ముద్దాయి అతని పాత వ్యాపార భాగస్వామి. రాత్రి 11:40కి ముద్దాయి గొంతు "నిన్ను చంపేస్తా" అనడం గోడ అవతల నుంచి విన్నానని పక్క ఫ్లాటాయన వాంగ్మూలం ఇచ్చాడు. 11:42కి ముద్దాయి గేటు దాటి వెళ్లడం కెమెరాలో ఉంది. 12:15కి పోలీసులు తలుపు తెరిచారు. ఇవి ప్రాసిక్యూషన్ కాగితాలు. కట్టలో అడుగున ఇంకో దొంతర ఉంది: హతుడి టీవీ మోత భరించలేకపోతున్నానని ఇదే పక్క ఫ్లాటాయన అపార్ట్‌మెంట్ సంఘానికి రాసిన 14 ఉత్తరాలు.

జోకు ఆ దొంతరలో ఉంది. లాయరు తెలివిలోంచి కాకుండా సాక్షి మనసులోంచి దాన్ని బయటికి తీయాలి. ఈ సాక్షి అబద్ధాలకోరు కాదు. మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోని మనిషి. తన గోడు వినేవాడు దొరికితే ఆగడు. సీన్ రాసే ముందు సాక్షికి ఏం కావాలో ఇలా ఒక్క వాక్యంలో రాసుకోండి. అది తెలిస్తే సగం సీన్ అయిపోయినట్టే.

"ఈ ఉత్తరాలు మీరు రాసినవే కదండీ?"

"నావే. పద్నాలుగు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు."

"ఏడో ఉత్తరంలో, టీవీ మోతకి మీ గోడ మీద ఫొటో కింద పడిందని రాశారు."

"పడింది. అద్దం పగిలింది."

"తొమ్మిదో దాంట్లో, ఫోన్ మీ చేతిలోనే ఉన్నా మోగడం వినపడలేదని రాశారు."

"మా అక్కయ్య నాలుగుసార్లు చేసింది. ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు."

"పదకొండో దాంట్లో, మీ ఇంట్లో మీరు అరిచినా మీకే వినపడదని రాశారు. ఇది కాస్త పెంచి రాశారేమో?"

"పెంచానా? తగ్గించి రాశానండీ!"

"పద్నాలుగోది హత్య జరిగిన రోజు పొద్దున రాశారు. అప్పటికి పరిస్థితి ఏమైనా మెరుగుపడిందా?"

"ఇంకా ముదిరింది."

"రాత్రి పోలీసులు వచ్చేసరికి కూడా టీవీ ఫుల్ సౌండ్‌లో ఉంది కదండీ?"

"ఉంది. వాళ్లే కట్టేశారు."

"నాకింక ప్రశ్నలు లేవు, యువర్ ఆనర్."

ఆరు ప్రశ్నలు. అందులో కొంటెది ఒక్కటే, "పెంచి రాశారేమో?" అన్నది. హాలంతా నవ్వేది మాత్రం సాక్షి జవాబుకి. మన లాయరు నవ్వడు. ఆ ఒక్క ప్రశ్నని దగ్గరగా చూడండి. సాక్షి "అవును, పెంచాను" అంటే కాగితం మీద లేనిది కల్పించే మనిషి అయిపోతాడు. "లేదు" అంటే గోడ అవతల మాట వినపడే అవకాశమే లేదని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాక్షి మాత్రం తన గోడు చెప్పుకున్నానన్న తృప్తితో ఉన్నాడు. ప్రాసిక్యూటర్‌కి ముచ్చెమటలు పోస్తున్నాయి. ఒకే జవాబు ఇద్దరికి రెండు రకాలుగా వినపడటమే ఈ నవ్వులోని థ్రిల్.

ముడులు ముందు వేసి తర్వాత బిగించడం లాయర్లకి పాత విద్యే. 1858లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో అబ్రహాం లింకన్ ఒక పాత స్నేహితుడి కొడుకు తరఫున హత్య కేసు వాదించాడు. ముద్దాయి కొట్టడం వెన్నెల్లో స్పష్టంగా చూశానన్నాడు ప్రధాన సాక్షి. లింకన్ ఆ వెన్నెల మాట అతని చేత మళ్లీ మళ్లీ చెప్పించాడు. చంద్రుడు ఎక్కడున్నాడో కూడా చెప్పించాడు. అతను ఇక వెనక్కి పోలేడని తేలాకే పంచాంగం లాంటి అల్మనాక్ తెరిచి, ఆ వేళకి చంద్రుడు అస్తమించబోతూ కిందకి దిగిపోయి ఉన్నాడని చూపించాడు. ముద్దాయి విడుదలయ్యాడు. పుస్తకం ముందే చూపించి ఉంటే సాక్షి "ఏదో లాంతరు వెలుగు కూడా ఉందనుకుంటా" అని తప్పుకునేవాడు. మన సీన్‌లో ఉత్తరాల వరస కూడా అందుకే: ఫొటో, ఫోన్, అరుపు, ఆ తర్వాతే హత్య రోజు. ఆ వరస తిప్పి రాసి చూడండి, సాక్షి నాలుగో ప్రశ్నకే జాగ్రత్తపడిపోతాడు.

ఇప్పుడు ఈ పాఠంలో నాకు ప్రాణమైన చోటికి వచ్చాం.

ఇర్వింగ్ యంగర్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర అధ్యాపకుడు 1970లలో క్రాస్‌కి పది ఆజ్ఞలు అని బోధించేవాడు. అందులో రెండు మనకి ముఖ్యం. జవాబు తెలియని ప్రశ్న అడగకు, ఒక ప్రశ్న ఎక్కువ అడగకు. పై సీన్‌లో లాయరు సరైన చోట ఆగాడు. "మరి ఎలా వినపడింది?" అన్నది మిగిలిపోయింది. దాన్ని చివరి వాదనల్లో, సాక్షి జవాబు చెప్పలేని చోట వాడుకుంటాడు. అయితే క్రాస్ అయ్యాక తన సాక్షిని మళ్లీ అడిగే రీ-ఎగ్జామినేషన్‌లో ప్రాసిక్యూటర్ లేచి అదే అడగొచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. అడగొచ్చు. కానీ జవాబు అతనికీ తెలియదు. సగం లేచి, కట్ట వైపు చూసి, సాక్షి మొహం చూసి, మళ్లీ కూర్చున్నాడని రాయండి. ఒక్క మాట లేకుండా అక్కడ ఎంత టెన్షన్ పుడుతుందో చూడండి.

కానీ మన లాయరు నోరు ఆగని మనిషి. మొదటి పాఠంలో అతనికి మనం ఇచ్చిన లోపం అదే. హాలంతా నవ్వుతోంది, ఆ నవ్వు తలకెక్కింది. కూర్చోబోయినవాడు మళ్లీ తిరిగాడు.

"ఒక్క చిన్న సందేహం. మీ అరుపే మీకు వినపడని ఇంట్లో, పక్కింటివాళ్ల మాట ఎలా వినపడిందండీ? ఉత్తరం రాసి పంపారా?"

"అదే కదండీ నేను చెప్పేది! సరిగ్గా పదకొండు నలభైకి టీవీ ఆగింది. మూడేళ్లలో మొదటిసారి. హమ్మయ్య అనుకుని గడియారం చూశాను. అప్పుడే ఆ మాట వినపడింది. ఐదు నిమిషాలకే మళ్లీ మొదలెట్టారు."

నవ్వు ఆగిపోతుంది. వాంగ్మూలం రాసుకున్న పోలీసాయన టీవీ సంగతి అడగలేదు, ఇతను చెప్పలేదు. అడిగింది మన లాయరే. గంట సేపు కట్టిన గోడని ఒక జోకుతో తనే కూల్చుకున్నాడు. ముద్దాయి అతని వైపు చూసిన చూపు ఒక్కటి రాయండి, చాలు. ఆ చూపు గురించి పేరా రాయొద్దు.

మాట విసురు ఎంత ప్రమాదమో చరిత్రలో ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. 1895 ఏప్రిల్‌లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో రచయిత ఆస్కార్ వైల్డ్ తాను వేసిన పరువునష్టం కేసులో బోనెక్కాడు. ఎదుటి పక్షం లాయరు ఎడ్వర్డ్ కార్సన్, డబ్లిన్‌లో వైల్డ్‌తో పాటు చదువుకున్నవాడే. వైల్డ్ చమత్కారాలకి హాలు నవ్వుతూనే ఉంది. ఒక పనికుర్రాణ్ణి ముద్దుపెట్టుకున్నారా అని కార్సన్ అడిగాడు. లేదన్న ఒక్క మాటతో ఆగితే సరిపోయేది. వైల్డ్ దానికి, ఆ కుర్రాడు పాపం అందగాడు కాదు అని ఒక ముక్క కలిపాడు. కార్సన్ ఆ ముక్కనే పట్టుకున్నాడు. అందం సంగతి ఎందుకు ఎత్తారు, ఎందుకు ఎత్తారు అని వదలకుండా అడిగాడు. వైల్డ్ మొదటిసారి తడబడ్డాడు. కేసు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అదే రోజు అతన్ని అరెస్టు చేశారు. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన అప్పటి చట్టం కింద మే నెలలో రెండేళ్ల కఠిన శిక్ష పడింది. అతన్ని శిక్షించిన ఆ చట్టమే అన్యాయమైనది, అందులో నాకు రెండో మాట లేదు. రాసేవాళ్లుగా మనం గమనించాల్సింది కార్సన్ పద్ధతి. అతను జోకుకి జోకుతో జవాబివ్వలేదు. ఆ నవ్వు ఏం దాచిపెడుతోందని అడిగాడు.

మీ నవలలో ప్రాసిక్యూటర్‌ని అలాంటివాడిగా రాయండి. మొద్దు ప్రాసిక్యూటర్ ఉంటే మన లాయరు గెలుపుకి విలువ ఉండదు.

మళ్లీ మన కథకి. ఆ రాత్రి లాయరుకి నిద్ర లేదు. తన నోటి దురుసుతో తెచ్చుకున్న ఆ జవాబునే మనసులో తిప్పుతున్నాడు. టీవీ ఆగింది, మాట వినపడింది, ఐదు నిమిషాలకే మళ్లీ మొదలైంది. లేచి కట్ట విప్పి కెమెరా కాగితం తీస్తాడు. ముద్దాయి గేటు దాటింది 11:42. టీవీ మళ్లీ మోగింది 11:45. ప్రాసిక్యూషన్ "చంపి పారిపోయాడు" అని చూపించడానికి తెచ్చిన కాగితమే, ఆ రిమోట్ నొక్కింది ముద్దాయి కాదని చెబుతోంది. హతుడే నొక్కి ఉంటే ముద్దాయి వెళ్లేసరికి అతను బతికే ఉన్నాడు. అతను కాకపోతే లోపల మూడో మనిషి ఉన్నాడు. ఎటు చూసినా కేసు తలకిందులవుతుంది. జోకు వేయకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. ఇలా ముందు ముంచి తర్వాత దారి చూపించే జోకు నవల మొత్తానికి ఒక్కటి దొరికినా మీ పంట పండినట్టే.

ఒక చిన్న జాగ్రత్త. మీ కథ జ్యూరీ ఉన్న దేశంలో నడిస్తే నవ్వేది సాధారణంగా పన్నెండు మంది మామూలు మనుషులు. జ్యూరీ లేని చోట తీర్పు చెప్పే జడ్జి ఒక్కరే ఎదురుగా ఉంటారు, అక్కడ అదే జోకు సగం గొంతుతో పలకాలి. ఇది మొదటి పేజీ రాసే ముందే తేల్చుకోండి.

ఈ వారం పని. మీ కట్టలోంచి ఒక సాక్షిని ఎంచుకోండి. అతనికి కోర్టు నుంచి ఏం కావాలో ఒక వాక్యం రాయండి. ఏడు ప్రశ్నల క్రాస్ రాయండి, అందులో కొంటె ప్రశ్న ఒక్కటే ఉండాలి, దాని రెండు జవాబులూ సాక్షికి ఇరకాటం కావాలి. తర్వాత అడగకూడని ఎనిమిదో ప్రశ్న రాసి, సాక్షి చేత నిజం చెప్పించండి. ఆ నిజంలో కేసుని తిప్పే వివరం దొరక్కపోతే సీన్ మార్చొద్దు, వెనక్కి వెళ్లి కట్టలో ఒక కాగితం చేర్చండి.

నాలుగో పాఠంలో లాయరు ఆఫీసు తలుపు వేసుకుంటాం. ముద్దాయి లోపలికి వచ్చి, ఆ రాత్రి హతుడి ఇంటికి తాను ఒంటరిగా వెళ్లలేదని చెబుతాడు. తోడు వెళ్లింది ఎవరో చెబుతాడు, కానీ ఆ పేరు కోర్టులో ఎత్తొద్దంటాడు.