1831 నాటి ఇంగ్లండ్ వ్యంగ్యచిత్రాన్ని చదవడం ఎలా?

నెత్తి నెరిసిన రాజుగారు వీధిలో నడుస్తూ ఒక గోడ దగ్గర ఆగిపోయాడు. గోడమీద 'రిఫార్మ్ బిల్' అని రాసి ఉంది. ఆయన కంగారుగా, "ఇది నా గురించేనా?" అనుకుంటున్నాడు. ఆ రాజు నాలుగో విలియం. 1831లో వ్యంగ్యచిత్రకారుడు జాన్ డోయల్ గీసిన బొమ్మ ఇది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇందులో నవ్వాల్సిందేమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇలాంటి బొమ్మల్ని వదల్లేకపోయాను. మీకూ ఆ దారి చూపిద్దామని ఇది రాస్తున్నాను. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఇలాంటి బొమ్మలు ఉచితంగా చూడొచ్చు. ఒకటి తెరిచి పక్కన పెట్టుకుని చదవండి.

1. ముందు తేదీ చూడండి

బొమ్మ కింది అంచున చిన్న అక్షరాల్లో ప్రచురణకర్త పేరు, తేదీ ఉంటాయి. దాన్ని చూడకుండా ముందుకు పోవద్దు. ఆ రోజుల్లో నెల తిరిగేసరికి రాజు మీద జనం అభిప్రాయమే మారిపోయేది.

1831 మార్చి 22న పార్లమెంటు ఎన్నికల పద్ధతిని మార్చే సంస్కరణ బిల్లు (అదే గోడమీది 'రిఫార్మ్ బిల్') దిగువ సభ అయిన కామన్స్‌లో రెండో పఠనం దాటింది, అదీ ఒక్క ఓటు తేడాతో: 302కి 301. తర్వాత బిల్లుకు అడ్డు తగిలింది. ఏప్రిల్ 22న రాజు స్వయంగా వచ్చి పార్లమెంటు సమావేశాన్ని ముగించాడు, మర్నాడు పార్లమెంటు రద్దయింది. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. అక్టోబరు 8న పై సభ అయిన ప్రభువుల సభ బిల్లును 41 ఓట్ల తేడాతో తిప్పికొట్టింది. 1832 మేలో, బిల్లు గట్టెక్కడానికి సరిపడా కొత్త ప్రభువుల్ని నియమించనని రాజు మొండికేశాడు. ప్రధాని గ్రే రాజీనామా చేశాడు. బిల్లును వ్యతిరేకించే వెల్లింగ్టన్ ప్రభుత్వం ఏర్పాటు చేయలేకపోవడంతో గ్రే మళ్ళీ వచ్చాడు. జూన్ 7న బిల్లు చట్టమైంది. కాబట్టి 1831 ఏప్రిల్ బొమ్మలో రాజు వీరుడైతే, 1832 మే బొమ్మలో అదే రాజు మాట తప్పిన మనిషి.

2. రాజు ఎక్కడ నిలబడ్డాడో వెతకండి

నా దృష్టిలో ఈ బొమ్మలకు తాళంచెవి ఇదే. 1831లో వచ్చిన 'పుచ్చిన పాత చెట్టు మీద సంస్కర్తల దాడి' తీసుకోండి. చెట్టు నిండా గూళ్ళు, వాటిలో నీటికాకులు. దొరికినదాన్ని గుటుక్కున మింగే తిండిపోతు పిట్టలవి. ఒక్కో గూటికి ఒక్కో 'రాటెన్ బరో' (అంటే పుచ్చిన నియోజకవర్గం) పేరు. జనం దాదాపు లేకపోయినా పార్లమెంటుకు సభ్యుల్ని పంపే నియోజకవర్గాలను అలా పిలిచేవారు. ఓల్డ్ సారం అనే మట్టిదిబ్బ మీద ఎవరూ కాపురం ఉండకపోయినా దానికి ఇద్దరు సభ్యులు ఉండేవారు. మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కు ఒక్కరూ లేరు. ఈ అన్యాయాన్ని వ్యాసం రాసి చెప్పాలంటే పేజీలు పడతాయి. చిత్రకారుడికి ఒక చెట్టు సరిపోయింది.

ఒక పక్క గ్రే మనుషులు గొడ్డళ్ళతో చెట్టును నరుకుతుంటే, మరో పక్క వెల్లింగ్టన్ వర్గం పడిపోకుండా ఊతం పెడుతోంది. రాజు ఈ రెండు గుంపుల్లోనూ లేడు. దూరంగా, ఎత్తున, 'కాన్‌స్టిట్యూషన్ హిల్' మీద రాణితో, ప్రజలతో కలిసి నిలబడ్డాడు. ఆ పేరుతో లండన్‌లో రాజభవనం పక్కనే నిజంగా ఒక రోడ్డు ఉంది. అదే 'రాజ్యాంగ కొండ' కూడా అయింది. గొడ్డలి పట్టకుండానే రాజు సంస్కర్తల వైపు ఉన్నాడని బొమ్మ చెబుతోంది.

3. పేర్లను పైకి చదవండి

ఇంగ్లీషు చిత్రకారులు చెవికి వినబడేదాన్ని కంటికి చూపిస్తారు. చీపురు (ఇంగ్లీషులో 'బ్రూమ్') కనిపిస్తే గ్రే ప్రభుత్వంలోని లార్డ్ బ్రూమ్. బూడిదరంగు గుర్రం అదుపు తప్పి రాజును మోసుకుపోతుంటే ఆ గుర్రం గ్రే. పేరుతో పని లేకుండా, కొక్కెం లాంటి ముక్కుంటే వెల్లింగ్టన్.

ఇప్పుడు గోడ దగ్గరికి వెనక్కి రండి. విలియంను ఇంగ్లీషువాళ్ళు ముద్దుగా 'బిల్' అంటారు. అందుకే 'సంస్కరణ బిల్లు' రాజుకు 'బిల్లూ, నువ్వు మారు' అని వినిపించింది. అంతటితో అయిపోలేదు. బొమ్మ పేరు 'గోడమీది రాత'. బైబిల్లోని దానియేలు గ్రంథం తెలిసినవాళ్ళకు బబులోను రాజు బెల్షస్సరు విందు వెంటనే గుర్తొస్తుంది. అక్కడ గోడమీద 'మెనే మెనే టెకేల్ ఉఫార్సీన్' అని రాసింది ఆ రాజు పాలన ముగిసిందని చెప్పడానికే. నవ్విస్తున్న బొమ్మలోనే ఇంత భయం దాగి ఉంది.

4. గీతను, సంతకాన్ని దగ్గరగా చూడండి

డోయల్ బొమ్మలు రాతి అచ్చులు. పెద్దది చేసి చూస్తే పెన్సిల్ పొడిలాంటి మెత్తని గరుకు కనిపిస్తుంది. అంతకు ముందు తరం చిత్రకారుడు గిల్‌రే రాగిరేకు మీద గీసి, రంగులద్ది, అప్పటి రాజును ఎగతాళి చేశాడు. డోయల్ ముఖాల్ని వికారం చేయడు. మనిషి మనిషిలాగే ఉంటాడు, ఇరుక్కున్న పరిస్థితి మాత్రం నవ్వు తెప్పిస్తుంది.

ఆయన సంతకం 'హెచ్.బి.'. తన పొడి అక్షరాలు జె, డి జంటను ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పేర్చితే ఆ ఆకారం వస్తుంది. ఏళ్ళ తరబడి ఆ గీసేదెవరో బయటికి రాలేదు.

5. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి

1831 వేసవికి ముందుది ఒకటి, 1832 మే నాటిది ఒకటి తీసుకోండి. రాజు ముఖం, చేతులు, పక్కన ఎవరున్నారన్నది పోల్చి రాసుకోండి. చివరగా చెట్టు బొమ్మకే వచ్చి గూళ్ళ మీద పేర్లు ఒక్కొక్కటే చదవండి. 1832 చట్టం 56 బరోలను పూర్తిగా రద్దు చేసింది. మీరు చదివిన పేర్లలో ఎన్ని ఆ జాబితాలోకి చేరాయో లెక్క చూసుకోండి.