ఫారాలు నిండాయి, విషయం రాలేదు: విద్యార్థుల సర్వేల్లో తప్పెక్కడ?

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకని డిగ్రీ పిల్లలు ఊళ్లు తిరిగి ఫారాల కట్టలు తెస్తారు. కట్ట విప్పాక కనిపించే లక్షణాన్ని బట్టి, వాళ్లను పంపే అధ్యాపకులు ఏం సరిచేయాలో చెబుతాను.

అందరూ "అవును" అన్నారు

లోపం ప్రశ్నలోనే ఉంటుంది. "ప్లాస్టిక్ హానికరం కదా, తగ్గించాలనుకుంటున్నారా?" అంటే కాదనేదెవరు? గుమ్మంలోకొచ్చిన పిల్లల మాట కాదనడానికి మనవాళ్లకు మొహమాటం కూడా. అభిప్రాయం మాని, జరిగిన పని అడిగించండి: "కిందటిసారి కూరగాయలు దేంట్లో తెచ్చుకున్నారు?" గుడ్డసంచి, కవరు, బుట్ట అంటూ జవాబులు వాటంతటవే విడిపోతాయి. "నీళ్లు, రోడ్లు బాగున్నాయా?" లాంటివి రెండు ప్రశ్నలుగా విడగొట్టండి.

జవాబిచ్చినవాళ్లంతా ఒకే రకం

గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే స్నేహితులే నింపుతారు. ఎక్కువమంది నింపితే సరిపోతుందన్న భ్రమ వద్దు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక చిరునామాలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లవి. పైగా తిరిగి రాసింది ఆసక్తి ఉన్నవాళ్లే.

వీధిలో ఇళ్లు లెక్కబెట్టి, ప్రతి అయిదో ఇంటికీ పంపండి. తాళం వేసుంటే పక్కింటికి పోనివ్వకండి, సాయంత్రం మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి. కూలికి పోయేవాళ్లు పగలు దొరకరు; వాళ్లు లేని సర్వే ఊరి సర్వే కాదు.

ఖర్చులన్నీ గుండ్రటి అంకెలు

ఏడాది ఖర్చు ఎవరికి గుర్తుంటుంది? కేంద్ర ప్రభుత్వం చేసే కుటుంబ వినియోగ వ్యయ సర్వేలో కూరగాయలకు గత 7 రోజులు, బియ్యానికి 30 రోజులు, బట్టలకు 365 రోజులు అడుగుతారు. అదే పాటించండి. ఆదాయం చివర్లో అడగాలి.

ఫారాలన్నీ ఒకే తీరు

చెట్టుకింద కూర్చుని నింపారేమో. పిల్లల్ని తిట్టేముందు మీరు పెట్టిన లక్ష్యం చూడండి. తలకు వంద ఫారాలంటే ఎవరైనా అదే చేస్తారు. పదిహేనుకు తగ్గించి, కొన్ని ఇళ్లకు మీరూ వెళ్తారని ముందే చెప్పండి. "చెప్పం, పొండి" అన్న ఇంటిని కూడా రాసుకొస్తే మార్కులివ్వండి.

ఇవన్నీ ముందే పట్టుకోవాలంటే

బెంగాల్‌లో జనపనార పంట అంచనాను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1937లో చిన్నగా మొదలుపెట్టి, ఏటా సరిదిద్దుకుంటూ 1941కి రాష్ట్రమంతటికీ విస్తరించారు. మీరూ ఫారం అచ్చువేయించే ముందు అయిదారు ఇళ్లలో అడిగించండి. జవాబుకంటే ముందు, ఏ ప్రశ్న దగ్గర వాళ్లు "అంటే?" అన్నారో పిల్లలు గుర్తుపెట్టాలి. ఆ ప్రశ్నను ఆ ఇంటివాళ్ల మాటల్లోనే తిరిగి రాయించండి.