పాత జీపు డాష్‌బోర్డు, మూడో పాఠం: మీటర్లు బల్ల మీదికి

రెండో పాఠంతో రేకు పని అయిపోయింది. స్టీరియోకనీ, ఫ్యాన్ స్విచ్చికనీ, ఎవరెవరో ఎప్పుడెప్పుడో కొట్టించిన చిల్లులన్నీ పూడ్చాం, తుప్పు గీకాం, ఎపాక్సీ ప్రైమరు వేసి పైన రంగు కొట్టాం. ఒకవేళ మీ ప్యానెల్ మీద రంగు అడుగునుంచి గోధుమరంగు చుక్కలు తేలుతున్నాయంటే, గీకిన రోజే ప్రైమరు పడలేదన్నమాట. విశాఖ గాలికి ఒట్టి రేకు ఒక్క రాత్రి కూడా ఆగదు. అలాంటిచోట పైన ఇంకో పూత కొట్టి చేతులు దులుపుకోకండి, మళ్ళీ రేకు కనబడేదాకా గీకి మొదలెట్టండి. అది చేశాకే ఈ పాఠం చదవండి.

ఇప్పుడు మీటర్లు. గాజువాక ఆటోనగర్‌లో ఎవరికి చూపించినా మొదటి మాట "కొత్త సెట్టు వేసేయండి సార్, గొడవ వదిలిపోద్ది" అనే. వాళ్ళని తప్పు పట్టలేం, పాడేరు, అరకు వైపు జనాన్ని తిప్పే జీపుకి డయల్ అసలుదా కాదా అన్నది ఎవడికీ పట్టదు, బండి రోడ్డు మీద ఉండాలి, అంతే. మన పని వేరు, పాత మీటర్లనే అసలు రూపంలో మళ్ళీ పనిచేయించడం. పైగా నేను చూసినంతలో, చచ్చిపోయిందని పక్కన పడేసిన మీటర్లలో ఎక్కువ భాగం చావలేదు. ఎర్త్ (బండి రేకు గుండా కరెంటు తిరిగివెళ్ళే దారి) అందక కొన్ని, ట్యాంకులో ఇంధనం మీద తేలే ఫ్లోట్ పట్టేసి కొన్ని, మీటరుకి వోల్టేజీ నిలకడగా ఇచ్చే స్టెబిలైజర్ పోయి కొన్ని ఆగిపోతాయి, నింద మాత్రం మీటరు మీద పడుతుంది. అందుకే ముందు దాన్ని బల్ల మీద పెట్టి, అది బాగుందో లేదో తేల్చుకోవాలి. ఏదైనా విప్పడం, కొనడం ఆ తర్వాతే.

మీ దగ్గరున్నవి ఏ మీటర్లో ముందు చూసుకోండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ అయితే ఐదు ఉంటాయి: మధ్యలో పెద్ద స్పీడోమీటరు, చుట్టూ ఇంధనం, ఆయిల్ ప్రెషర్, ఉష్ణోగ్రత, కరెంటు ఎంత పోతోందో చూపే ఆమ్మీటరు. ఆ బండికి కరెంటు 6 వోల్టులు. మహీంద్రా ఇక్కడ జీపులు బిగించడం 1947లో మొదలుపెట్టింది, తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన డీజిల్ బండ్లన్నీ 12 వోల్టులవి. ఎవరో పాత 6 వోల్టుల ఫ్యూయల్ మీటరు తెచ్చి 12 వోల్టుల బండిలో బిగించి ఉండొచ్చు, లోపల కాయిల్ మాడి ఉంటే కారణం అదే. స్పీడోమీటరు మైళ్ళలో ఉందా, కిలోమీటర్లలో ఉందా అన్నది కూడా రాసిపెట్టుకోండి. మైళ్ళలో ఉంటే మార్చకండి, అసలుది అదే అయ్యుంటుంది.

ఒక జాగ్రత్త. యుద్ధకాలం నాటి కొన్ని సైనిక వాహనాల డయల్స్ మీద చీకట్లో వెలగడానికి రేడియం రంగు వేసేవారు. నంబరు ప్లేటు స్టిక్కర్ల రేడియం కాదు, నిజమైన రేడియమే. ఇప్పుడు వెలగకపోవచ్చు, అంతమాత్రాన రేడియం పోయిందని కాదు, అది సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. అంకెల మీద, ముల్లు మీద మందంగా, పసుపో గోధుమో రంగులో పెళుసు పూత కనబడితే ఆ మీటరు అద్దం తీయకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బయట తుడిచి, అలాగే బిగించండి.

మిగతావాటికి రండి. ఇంధనం, ఉష్ణోగ్రత చూపే కరెంటు మీటర్లు రెండు రకాలు. కరెంటివ్వగానే ముల్లు ఠక్కున లేస్తే అది కాయిల్ రకం. బద్ధకంగా, కొన్ని క్షణాలపాటు పాకుతూ పైకొస్తే లోపల వేడెక్కి వంగే రెండు లోహాల పట్టీ ఉంది, అంటే దానికి ఎక్కడో ఒక స్టెబిలైజర్ కూడా ఉండాలి. ఇది తెలియకుండా నేరుగా బ్యాటరీ తగిలించకండి. మూడు పెన్సిల్ సెల్స్ వరసగా పెడితే నాలుగున్నర వోల్టులు వస్తుంది, అది ఏ రకానికీ హాని చెయ్యదు. మీటరు వెనక రెండు టెర్మినల్స్‌కి దాన్ని తగిలించి ముల్లునే చూస్తూ ఉండండి. కదిలిందా, మీటరు బతికే ఉంది. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే నట్లు విప్పి, టెర్మినల్స్ ఎమరీతో తళతళలాడేదాకా రుద్ది ఇంకోసారి చూడండి, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి వాషరు ఒక్కటి చాలు కరెంటు ఆగిపోవడానికి.

స్టెబిలైజర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాని పేరే వినరు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ 12 దగ్గర ఒకసారి, 14 దగ్గర ఒకసారి ఉంటుంది, అది నేరుగా మీటరుకిస్తే ట్యాంకులో ఉన్నది ఒకటే అయినా ముల్లు ఊగుతుంది. అందుకే చిన్న రేకు డబ్బీ ఒకటి మధ్యలో ఉండి కరెంటుని ఇస్తూ, ఆపుతూ, సగటున తక్కువ వోల్టేజీ నిలకడగా అందేలా చూస్తుంది. అమెరికన్ సీజే జీపుల్లో (విల్లీస్ సైనిక జీపుకి పౌరుల రూపం) ఈ సగటు 5 వోల్టులు, పాత బ్రిటిష్ తరహా మీటర్లలో 10. సీజేల్లో మరో చిత్రం ఏమిటంటే, ఈ స్టెబిలైజర్ విడిగా ఉండదు, ఫ్యూయల్ మీటరు పొట్టలోనే దాగి ఉండి, పక్కనున్న ఉష్ణోగ్రత మీటరుకి కూడా అక్కడినుంచే కరెంటు పంపుతుంది. కాబట్టి రెండు ముళ్ళూ ఒకేసారి పడిపోయినా, రెండూ ఒకేసారి పైకెక్కి కూర్చున్నా మీటర్లు విప్పకండి, అనుమానం మొత్తం దీనిమీదే, దీని ఎర్త్ మీదే. పరీక్ష సులువు: స్టెబిలైజర్ బయటికిచ్చే వైపు చిన్న టెస్ట్ ల్యాంపు పెడితే అది మిణుకుమిణుకుమనాలి. నిలకడగా వెలిగితే లోపల కాంటాక్టులు అతుక్కుపోయాయి, లేదా డబ్బీకి ఎర్త్ లేదు. అసలు వెలగకపోతే పోయినట్టే.

పోయినదాన్ని పారెయ్యకండి. డబ్బీ మూత విప్పి లోపలి సరుకు తీసేసి, 5 వోల్టులకైతే 7805, 10 వోల్టులకైతే 7810 అనే మూడు కాళ్ళ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టి, దాని వీపుని డబ్బీ రేకుకి ఆనించి స్క్రూతో బిగిస్తే వేడి కూడా రేకులోకి పోతుంది, బయటికి చూస్తే పాత డబ్బీయే. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా ఇది చవగ్గా దొరుకుతుంది. ఇలాంటి దొంగతనానికి నాకు అభ్యంతరం లేదు. కనబడేది అసలుది అయ్యుండాలి, కనబడనిది పనిచెయ్యాలి.

ట్యాంకులో ఉండి, ఇంధనం ఎంతుందో ఫ్లోట్‌తో చూసి మీటరుకి చెప్పే సెండింగ్ యూనిట్‌ని బండి మీద ఉండగా వైర్లు రాపిడి చేసి పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. ట్యాంకు మూతి దగ్గర నిప్పురవ్వ పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. యూనిట్ విప్పి, దూరంగా తీసుకొచ్చి, ఆరబెట్టి, మల్టీమీటరు పెట్టి ఫ్లోట్ చేతిని కిందినుంచి పైకి మెల్లగా ఎత్తండి. అంకె మెత్తగా మారుతూ పోవాలి. మధ్యలో ఎక్కడో తెగి మళ్ళీ వస్తే లోపలి తీగ అరిగిపోయింది. ఖాళీ దగ్గర ఎన్ని ఓంలు, నిండు దగ్గర ఎన్ని ఓంలు అనేవి ప్యానెల్ వెనకవైపే మార్కరుతో రాసుకోండి, రేపు కొత్త యూనిట్ కొనాల్సివస్తే కొట్టువాడు ఇచ్చింది కాకుండా మీకు కావాల్సింది తెచ్చుకోవచ్చు.

ఆమ్మీటరు దగ్గర మాత్రం నిదానం. మిగతా మీటర్లలోంచి పోయేది చిటికెడు కరెంటు, దీనిలోంచి సెల్ఫ్ మోటారుది తప్ప బండి కరెంటంతా పోతుంది, పాత బండ్లలో ఆ దారిలో ఫ్యూజు కూడా ఉండదు. వెనక రెండు లావు బోల్టుల్లో ఏ ఒక్కటి ప్యానెల్ రేకుకి తగిలినా వైరింగ్ మొత్తం మండిపోతుంది. అందుకే బోల్టుల కింద ఉండే ఫైబరు వాషర్లు, పాతవి పిగిలిపోయి ఉంటే, కొత్తవి వేసేదాకా దాన్ని బిగించకండి. బల్ల మీద పరీక్షకి 12 వోల్టుల బ్యాటరీ, 10 ఆంపియర్ల ఫ్యూజు, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు, ఆమ్మీటరు, అన్నీ ఒకే గొలుసుగా కలపండి. ముల్లు నాలుగున్నర, అయిదు దగ్గరికి జరగాలి. ఎదురువైపు జరిగితే మీటరు బాగానే ఉంది, వైర్లు తారుమారయ్యాయి, అంతే. బల్బు లేకుండా ఆమ్మీటరుని బ్యాటరీకి అడ్డంగా ఎప్పుడూ పెట్టకండి, ఒక్క క్షణం కూడా.

స్పీడోమీటరు కాక కరెంటు లేని మీటర్లు రెండు. ఆయిల్ ప్రెషర్ మీటరులోకి సన్నటి పైపులో నిజంగా ఆయిలే వస్తుంది, దాన్ని సైకిల్ పంపుతో 30, 40 పౌండ్ల దాకా కొట్టి పంపు మీది గేజితో పోల్చి చూస్తే చాలు, గ్యారేజీ కంప్రెసర్ గాలి నేరుగా పెడితే లోపలి వంపు గొట్టం సాగిపోతుంది. ఉష్ణోగ్రత మీటరు పాతరకం అయితే దాని వెనక సన్నటి రాగి గొట్టం, చివర ఒక బల్బు విడదీయరాకుండా అతికే ఉంటాయి. ఆ గొట్టాన్ని కోసినా, మడత పడేలా వంచినా లోపలి ద్రవం పోయి మీటరు ఇక పనికిరాదు. పరీక్షకి మరిగే నీళ్ళు చాలు. విశాఖలో మనం సముద్రం ఒడ్డునే ఉన్నాం కాబట్టి 100 డిగ్రీలే అనుకోండి, పాత డయల్ అయితే 212 ఫారెన్‌హీట్. ఇదే పరీక్ష లంబసింగిలో చేస్తే నీళ్ళు మూడు డిగ్రీలు ముందే మరుగుతాయి, అక్కడ మీటరుని తిట్టకండి.

అద్దం లోపల బూజు, మసక ఉంటే తప్ప రింగు విప్పొద్దు. విప్పాల్సివస్తే ఒక స్క్రూడ్రైవరు మొనని ఎమరీ మీద రుద్ది మొద్దు చేసుకుని, వెనక్కి మడిచి ఉన్న రింగు అంచుని ఒక్కోచోట వెంట్రుకవాసి మాత్రమే లేపుతూ చుట్టూ తిరిగి రండి, మళ్ళీ రెండో చుట్టు, మళ్ళీ మూడోది. ఒకేచోట మొత్తం లేపితే ఆ మడత ఎప్పటికీ కనబడుతుంది. ఇత్తడి రింగు మాట వింటుంది, తుప్పు పట్టిన ఇనప రింగు మాత్రం బిస్కెట్టులా విరుగుతుంది. సగం చుట్టు లేచేసరికి రింగు జారి బయటికొచ్చేస్తుంది, మిగతా సగం ముట్టుకోకండి.

లోపల కోలిన్ కొట్టడం, థిన్నరు గుడ్డతో తుడవడం రెండూ నేరాలే. పాత డయల్ అంకెలు తడి బట్టకే చెరిగిపోతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, పొడి ఇయర్ బడ్‌తో ఒక మూల చూడండి, బడ్‌కి రంగు అంటిందంటే అక్కడితో ఆపెయ్యండి. అంచున కాస్త పసుపెక్కిన డయల్‌ని నేనైతే అలాగే ఉంచుతాను, ఇంటర్నెట్‌లో అమ్మే కొత్త స్టిక్కరు అతికించిన డయల్ దూరం నుంచే తెలిసిపోతుంది. పగిలిన అద్దానికి ఫొటో ఫ్రేముల కొట్లో గుండ్రంగా కోసిస్తారు. మళ్ళీ మూసేటప్పుడు మాత్రం ఏసీ వేసిన గదిలో, మీటరుని ఓ గంట అక్కడే ఉంచి మూయండి. మన ఊరి ఉక్కగాలిని లోపల బంధించారంటే మొదటి చలికాలం ఉదయమే అద్దం లోపలివైపు చెమట పడుతుంది.

స్పీడోమీటరుది వేరే దారి. కేబులు తిప్పితే లోపల అయస్కాంతం తిరిగి, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెని లాగుతుంది, గిన్నెని సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది, ముల్లు ఆగేది ఆ రెండింటి మధ్య. డ్రిల్లు మెషీనుకి పాత కేబులు ముక్క తగిలించి నెమ్మదిగా తిప్పండి, ముల్లు స్టాపు పిన్నుకేసి నొక్కుకుంటే ఎదురువైపు తిప్పుతున్నట్టు. అమెరికన్ మైళ్ళ మీటరుకి లెక్క సులువు: నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 60 చూపాలి. ముల్లు వణికితే తొంభై శాతం తప్పు మీటరుది కాదు, కేబులుది. లోపలి తీగ బయటికి లాగి కిరోసిన్‌తో కడిగి గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయండి, మీటరు వైపు జానెడు మాత్రం పొడిగా వదిలెయ్యండి, లేకపోతే జిడ్డు మెల్లగా పైకెక్కి గిన్నెలో చేరుతుంది. ఓడోమీటరు అంకెల జోలికి పోకండి, బండి తిరిగింది తిరిగినట్టే ఉండాలి.

అన్నీ పాసయ్యాక ప్యానెల్‌కి బిగిస్తారు, తాళం తిప్పుతారు, ఒక్కటీ పనిచెయ్యదు. టెన్షన్ పడకండి. ఇన్నాళ్ళూ మీటరు ఒంటికి ఎర్త్ అందింది వెనక బిగించే క్లాంపు కాళ్ళు ప్యానెల్ రేకుకి ఆనడం వల్ల. మనం ఇప్పుడు అక్కడ చక్కగా ఎపాక్సీ, రెండు పూతల రంగు వేసి కూర్చున్నాం. కొందరు ఆ కాళ్ళ కింద రంగు గీకేస్తారు. సముద్రం పక్క ఊళ్ళో అది తుప్పుకి తలుపు తీసి పిలవడమే. దానికి బదులు, ఆమ్మీటరుని వదిలేసి, మిగతా ప్రతి మీటరు క్లాంపు స్టడ్‌కీ ఒక రింగు టెర్మినల్ వేసి, నల్ల వైరు ఒకటి మీటరు నుంచి మీటరుకి గొలుసుగా తీసుకెళ్ళి, చివరకి బాడీ రేకు మీద ఒకే ఒక్క చోట, అక్కడ మాత్రం రంగు గీకి, పళ్ళున్న వాషరు వేసి బిగించి, పైన వాజలీన్ దట్టంగా పూయండి. మీటరు లైట్ల హోల్డర్లకి కూడా ఎర్త్ అక్కడినుంచే అందుతుంది. సరిగ్గా పడిందో లేదో చీకట్లో చూసుకోండి: మీటరు లైట్లు వెయ్యగానే ఫ్యూయల్ ముల్లు కొంచెమైనా కదిలితే ఎర్త్ ఇంకా చాలడం లేదు, లైట్ల కరెంటు మీటరు గుండా దారి వెతుక్కుంటోంది. ముల్లు కదలకుండా లైట్లు వెలిగేదాకా ఆ ఒక్క బోల్టునే పట్టుకోండి.

నాలుగో పాఠం వైరింగ్. అప్పటిదాకా కొత్త వైరు కొనొద్దు, విప్పిన పాత వైరింగ్ ఎంత మురికిగా ఉన్నా చెత్తలో వెయ్యొద్దు, రంగులు కనబడేలా తడిగుడ్డతో తుడిచి, నేలమీద బండిలో ఉన్న వంపుల్లోనే పరిచి ఉంచండి. కొలతలన్నీ దాని మీదే తీస్తాం.