పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మీరిద్దరే పెరూ చూసి రావడం ఎలా?

పాస్‌పోర్టులో పదేళ్ళ అమెరికా వీసా ఉన్న అమ్మానాన్నలు మన దగ్గర ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వెళ్తారు, కూతురి ఇంట్లోనో కొడుకు ఇంట్లోనో ఐదారు నెలలు ఉంటారు, మనవల్ని ఆడిస్తారు, నయాగరా చూస్తారు, తిరిగి వచ్చేస్తారు. అదే వీసాతో, ఇంకో వీసా కోసం ఎక్కడా క్యూలో నిలబడకుండా, దక్షిణ అమెరికాలోని పెరూ దాకా వెళ్ళి, ఇంకాలనే పాతకాలపు రాజుల కొండ నగరం మాచుపిచ్చు చూసి రావొచ్చని చాలామందికి తెలియదు. మూడోసారి డాలస్ వెళ్ళేదాకా మాకూ తెలియదు. నాకు 59, మా వారికి 63. ఇద్దరమే వెళ్ళాం, పద్నాలుగు రోజులు తిరిగాం. ఏది ఎప్పుడు చేయాలో ముందే ఎవరైనా వరసగా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని అక్కడ ఉన్నన్ని రోజులూ అనుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు వీసా మీద తేదీ చూసుకోండి

మన పాస్‌పోర్టుకి మామూలుగా పెరూ వీసా కావాలి. కానీ అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాల్లో ఏదో ఒకటి ఉండి, దానికి ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉంటే వేరే వీసా అక్కర్లేదు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. గడువు అంటే పాస్‌పోర్టులో అంటించిన వీసా స్టిక్కర్ మీద ఉన్న తేదీ. అమెరికాలో దిగినప్పుడు ఎన్నాళ్ళు ఉండొచ్చో రాసే ఐ-94 తేదీ వేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. పాస్‌పోర్టుకి కూడా ఆరు నెలలు ఉండాలి. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండూ పట్టుకెళ్ళాలి, అలా తీసుకెళ్తే ఒప్పుకుంటారా అని టికెట్ కొనేముందే విమానం కంపెనీని అడగండి. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు పెరూ ఎంబసీ సైట్‌లో ఇంకోసారి చూసుకోవడం తప్పనిసరి.

ఇంకో సంగతి. పెరూ నుంచి మళ్ళీ అమెరికాలోకి వచ్చేటప్పుడు అధికారి మళ్ళీ మొదటి నుంచి ప్రశ్నలు వేస్తారు, ఎన్నాళ్ళు ఇవ్వాలన్నది ఆయన చేతిలో ఉంటుంది. ఇండియాకి తిరుగు టికెట్ చేతిలో ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. మేము చివరి నెల మొదట్లో పెరూ నుంచి తిరిగి వచ్చి, ఆ తర్వాత మూడు వారాలు అమ్మాయి దగ్గరే ఉండి ఇంటికి వచ్చాం. ఆ మూడు వారాలు ఇంకో రకంగా కూడా పనికొచ్చాయి, అది చివర్లో చెప్తాను.

నెల ఎంచుకోవడం

మన ఎండలు తప్పించుకుని ఏప్రిల్, మే నెలల్లో అమెరికా వెళ్తాం కదా, అదృష్టం ఏమిటంటే పెరూ కొండల్లో వానలు లేని కాలం కూడా మే నుంచి సెప్టెంబరు దాకానే. జూన్, జులైలో పగలు ఎండ కాస్తుంది, రాత్రి మాత్రం మాచుపిచ్చుకి వెళ్ళే దారిలోని కొండ ఊరు కుస్కోలో సున్నా దగ్గరికి పడిపోతుంది, కాబట్టి స్వెటర్, మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు పెట్టుకోండి. జూన్ 24న కుస్కోలో ఇంతి రైమి అనే సూర్యుడి పండగ, జులై 28, 29 పెరూ జాతీయ దినాలు. ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది. మేము మే నెలాఖరులో వెళ్ళాం, నన్నడిగితే అదే మంచి టైమ్.

డాలస్, హ్యూస్టన్ నుంచి పెరూ రాజధాని లిమాకి నేరుగా ఏడు గంటలు అటూ ఇటూ పడుతుంది, మయామి నుంచైతే ఇంకా తక్కువ. ప్రయాణం ఉత్తరం నుంచి దక్షిణానికి కాబట్టి గడియారం పెద్దగా మారదు, హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు వారం రోజులు పట్టే నిద్ర బాధ ఇక్కడ ఉండదు. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. మోకాళ్ళ నొప్పులు ఉన్నా లేకపోయినా, స్పానిష్ రానివాళ్ళకి అదొక పెద్ద ఆసరా.

డాక్టర్ని ఇండియాలోనే కలవండి

ఇది మాత్రం వాయిదా వేయకండి. కుస్కో సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన దగ్గర అందేదానిలో మూడింట రెండొంతులే. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు "నేను 3,400 మీటర్ల ఎత్తుకి వెళ్తున్నాను" అని అంకెతో సహా డాక్టరుకి చెప్పండి, వట్టి "పెరూ వెళ్తున్నాం" అంటే వాళ్ళకి ఆ ఎత్తు తట్టకపోవచ్చు. ఎత్తుకి అలవాటు పడటానికి అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. వాడాలా వద్దా, ఎంత వాడాలి అన్నది డాక్టరే తేల్చాలి.

రెండోది ఎల్లో ఫీవర్ టీకా. పెరూ అడవుల వైపు ఆ జ్వరం ఉంది, అందుకే పెరూ నుంచి బయల్దేరి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళని మన ఎయిర్‌పోర్టులో టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచి కార్డు చెల్లుతుంది, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. అరవై దాటినవాళ్ళకి మొదటిసారి వేయాలంటే మాత్రం డాక్టర్లు ఆలోచిస్తారు. మా వారికి వద్దన్నారు, అందుకే అమెజాన్ వైపు పోకుండా కొండలకే పరిమితం అయ్యాం. నాకు అమెజాన్ చూడాలని చాలా ఉండేది, అయినా ఆరోగ్యం ముందు అది ఎంత!

ఇన్సూరెన్స్ కాగితం కూడా చదవండి. పిల్లలు అమెరికాలో మనకి కొనే విజిటర్ ఇన్సూరెన్స్ పెరూలో పనిచేస్తుందో లేదో, అంత ఎత్తులో వచ్చే జబ్బుకి డబ్బిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

కుస్కోలో దిగి, కిందికి వెళ్ళిపోండి

మేము పొరపాటు చేసింది ఇక్కడే. లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది, అక్కడ విమానం ఎక్కితే గంటన్నరలోపే కుస్కోలో దింపేస్తుంది. అంటే ఒంటికి సర్దుకునే టైమే ఉండదు. కుస్కోలోనే గది ముందుగా బుక్ చేసుకున్నాం, పైగా దిగిన సాయంత్రం బాగానే ఉంది కదా అని సాన్ బ్లాస్ అనే పేట మెట్లు ఎక్కాం. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మా వారు మంచం అంచున కూర్చుని ఉన్నారు, రెండు చేతులతో తల పట్టుకుని. మాట్లాడమంటే నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. కిందికి ఫోన్ చేస్తే హోటల్ కుర్రాడు ఆకుపచ్చ సిలిండర్ ఒకటి భుజాన పెట్టుకుని వచ్చాడు, ముక్కుకి మాస్క్ తగిలించి, పావుగంట నేల మీదే కూర్చుని ఆయన వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరులో అంకె చూస్తూ ఉండిపోయాడు. అంకె 78 నుంచి 90 దాటాక నవ్వి బొటనవేలు చూపించాడు. నాకు ప్రాణం అప్పుడొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని కింద లోయలోని ఒయ్యంతైతంబో అనే ఊరికి దిగిపోయాం. రెండు గంటల దారి, ఎత్తు దాదాపు 2,800 మీటర్లు. సాయంత్రానికి ఆయన తలనొప్పి పోయింది. కాబట్టి మీరు ఇలా చేయండి: లిమాలో ఒకటి రెండు రోజులు ఉండండి, పొద్దున విమానంలో కుస్కోలో దిగండి, ఊళ్ళోకి పోకుండా ఎయిర్‌పోర్టు నుంచే కారెక్కి ఒయ్యంతైతంబోకో ఉరుబంబకో వెళ్ళిపోండి. అక్కడ రెండు రాత్రులు ఉండి, మాచుపిచ్చు చూసుకుని, కుస్కోని చివరికి పెట్టుకోండి. మొదటి రెండు రోజులు మెట్లు వద్దు, కడుపు నిండా తినడం వద్దు, మద్యం అసలే వద్దు, నీళ్ళు మాత్రం బాగా తాగండి. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా, పొద్దున దాకా చూద్దాం అనుకోకండి. ఆసుపత్రికి వెళ్ళాలి, కిందికి దిగాలి.

ఒయ్యంతైతంబోలో ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే. ఇంకాలు వేసిన వీధులు ఇప్పటికీ వాడుతున్నారు. ఇళ్ళ పక్కన రాతి కాలువల్లో కొండ నీళ్ళు గలగలా పారుతూ ఉంటాయి. మేము ఉన్న ఇంటి ముందు ఒక పెద్దావిడ రోజూ పొద్దున ఆ నీళ్ళతోనే గుమ్మం కడిగేది. గోడల్లో రాళ్ళు సున్నం లేకుండా ఎలా అతికాయో చూడాలంటే గోరు పెట్టి చూడండి, నా గోరు దూరలేదు.

మాచుపిచ్చు టికెట్లు నెలల ముందే

పెరూ సాంస్కృతిక శాఖ సైట్‌లో టికెట్లు అమ్ముతారు. దాని మీద రోజు, గంట, ఏ దారిలో నడవాలి అన్నీ ఉంటాయి. ఫొటోల్లో చూసే ఆ దృశ్యం పూర్తిగా కనపడి, ఊరి మధ్య కూడా తిరగాలంటే రెండో దారి (సర్క్యూట్ 2) తీసుకోండి. అది ముందు అయిపోతుంది కాబట్టి విమానం టికెట్ కంటే ముందు దీని సంగతి చూడండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందే కదా, అక్షరం అక్షరం సరిచూసుకోండి. అసలు పాస్‌పోర్టు గేటు దగ్గర చూస్తారు.

ఒయ్యంతైతంబో నుంచి రైలు రెండు గంటల లోపు, కింద ఆగ్వాస్ కాలియెంతెస్‌లో దిగాక బస్సు అరగంట, మలుపుల మీద మలుపులు. రైల్లో పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరు, హోటల్లో వదిలేసి చిన్న సంచితో వెళ్ళండి. రైలు, బస్సు, టికెట్ కలిపి ఇద్దరికీ నాలుగైదు వందల డాలర్లు అనుకోండి.

పెద్దవాళ్ళకి ముఖ్యమైన సంగతి: లోపల టాయిలెట్లు లేవు. గేటు బయటే ఉన్నాయి, వెళ్ళొచ్చాకే లోపలికి నడవండి. చేతికర్రకి అడుగున రబ్బరు ఉంటేనే ఒప్పుకుంటారు. గేటు దగ్గర మాచుపిచ్చు బొమ్మ ముద్ర వేసుకునే చోటుంది, దాన్ని పాస్‌పోర్టులో మాత్రం వేయకండి, పుస్తకంలో వేసుకోండి. ఇక ఆ దృశ్యం నా మాటల్లో చెప్పలేను. మంచు విడిపోతుంటే కింద ఉరుబంబ నది కనపడింది, మేమిద్దరం ఒక రాతి పక్కన ఎంతసేపు నిలబడిపోయామో, వెనక నుంచి కాపలా మనిషి కదలమనేదాకా తెలియలేదు.

తిండి సంగతి

అన్నం దొరుకుతుంది, అదే పెద్ద ధైర్యం. ఏ హోటల్లో అయినా అర్రోస్ అనండి, తెల్లన్నం వస్తుంది. శాకాహారులు "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి, అంటే మాంసం, కోడి, చేప వద్దని. సూప్ దేనితో కాచారో విడిగా అడగండి. చిఫా అని రాసి ఉన్నవి చైనా వంటల హోటళ్ళు, అక్కడ కూరగాయల ఫ్రైడ్ రైస్ చేసిపెడతారు. బంగాళాదుంప పుట్టిల్లు ఆ కొండలే. ఊదా, పసుపు, ఎరుపు రంగుల దుంపలు సంతలో కుప్పలు పోసి ఉంటాయి, ఉడికించి మన కందిపొడి అద్దుకుని తిన్నాం. మిరపకాయ కూడా ఆ ఖండాల నుంచే పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దగ్గరికి వచ్చింది, రొకోతో అనే గుండ్రటి మిరపకాయ కొరికి చూస్తే గుంటూరు గుర్తొస్తుంది.

చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. కుస్కో ఎత్తులో నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అన్నం ఉడకడానికి చాలాసేపు పడుతుంది, పప్పు ఉడకడం ఇంకా కష్టం. కారప్పొడులు చాలు. పొడులు ఉన్నాయని కస్టమ్స్ కాగితంలో రాయండి, పచ్చి కరివేపాకు, పళ్ళు, విత్తనాలు పెట్టుకోకండి.

డబ్బు, ఇద్దరి మధ్య ఒప్పందం

అక్కడ సోల్ నడుస్తుంది. డాలర్ నోటు మూల చిరిగినా తీసుకోరు, కొత్త నోట్లు ఏరి పెట్టుకోండి. కార్డు గీసినప్పుడు డాలర్లా సోల్సా అని మెషిన్ అడిగితే సోల్స్ అనే నొక్కండి, లేకపోతే మారకంలో నష్టపోతారు. కార్డులు, డబ్బు, మందులు ఇద్దరి సంచుల్లో సగం సగం ఉండాలి, ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది. స్పానిష్ అనువాదాన్ని ఇద్దరి ఫోన్లలోనూ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఆ కుస్కో రాత్రి తర్వాత మేము ఒక మాట అనుకున్నాం. ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా ఆ రోజుకి చాలు, ఎందుకు ఏమిటి అని అడగకూడదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఏ రోజూ తనంతట తాను ఆగింది లేదు. అలాంటి మనిషి రెయిన్‌బో మౌంటెన్ అనే రంగుల కొండకి కారు మాట్లాడిన పొద్దున, అది 5,000 మీటర్లు దాటిన ఎత్తు, చెప్పులు వేసుకోబోతూ "ఈ రోజుకి చాలు" అన్నారు. డబ్బు పోయింది. ఎదురుగా ఉన్న కూడలిలో బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎండ కాచుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు

హోటళ్ళలో కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ అది మామూలే. ఆ ఆకులు గానీ టీ పొట్లాలు గానీ అమెరికాకి తేకూడదు, చట్టం ఒప్పుకోదు. గిఫ్టు షాపుల్లో అందంగా ప్యాక్ చేసి అమ్ముతారు, మోసపోకండి. వాటి బదులు అల్పాకా ఉన్ని టోపీలు కొనండి. మా వారికి టీకా కార్డు లేకపోయినా శంషాబాద్‌లో ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే పెరూ వదిలి అప్పటికి మూడు వారాలు దాటింది. అందుకు రుజువుగా డాలస్‌లో దిగిన బోర్డింగ్ పాసులు దాచి ఉంచాను, మీరూ పారేయకండి. డాలస్‌లో దిగిన మర్నాడే ఐ-94 సైట్ తెరిచి కొత్త తేదీ ఎంత ఇచ్చారో చూసుకుని, దాన్ని ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టుకోండి.